పేరుంది, ఊరే లేదు

మా ఇంట్లో పుస్తకాల అలమర కింది అరలో మూడు రింగుల ఫైలొకటి ఉంది. లోపల ప్లాస్టిక్ షీట్లు, షీటుకి తొమ్మిదేసి జేబులు, జేబుకో బేస్‌బాల్ కార్డు. అన్నీ ఒకే జట్టువి, అథ్లెటిక్స్ వి. ఇంటికొచ్చిన వాళ్ళకి చూపిస్తే మొదటి ప్రశ్న "ఎంతుంటుంది దీని ఖరీదు?" అని. మనవాళ్ళయితే రెండో ప్రశ్న కూడా అదే :)

పెద్దగా ఏమీ ఉండదండీ. హోనస్ వాగ్నర్ పాత సిగరెట్ కార్డు 2022లో 72 లక్షల డాలర్లకి పోయింది, అదే నెలలో మికీ మాంటిల్ 1952 కార్డు కోటీ 26 లక్షల డాలర్లకి పోయింది. పేపర్లో వచ్చేవి అవే. నా ఫైలు మొత్తం అమ్మినా మా కారుకి కొత్త టైర్లు వేయించొచ్చేమో. సగం కార్డులకి మూలలు అరిగిపోయాయి, ఖరీదైనవన్నీ రీప్రింట్లే. నేను కొనేది ఆ కార్డు ఏ సంవత్సరంలో ఏం చెప్తోందో అని, అంతే.

ఫ్రీమాంట్‌లో కాపురం పెట్టిన కొత్తల్లో బేస్‌బాల్ నాకు ముక్క అర్థమయ్యేది కాదు. బౌలర్ రనప్ లేకుండా బంతి విసరడమేంటి, బ్యాట్స్‌మన్ కొట్టిన బ్యాటు అక్కడే పడేసి పరిగెత్తడమేంటి అనుకునేవాణ్ణి. 2006 నవంబరులో అథ్లెటిక్స్ వాళ్ళు ఓక్లాండ్ వదిలి మా ఫ్రీమాంట్‌లోనే స్టేడియం కడతామని ప్రకటించారు. దాంతో ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. 2009 ఫిబ్రవరిలో ఆ ఆలోచన మానుకున్నారు కానీ ఈలోగా మావాడికి జట్టు పిచ్చి పట్టింది, వాడికోసం కార్డులు కొనబోయి నాకు కార్డుల పిచ్చి పట్టింది.

నిజానికి ఈ జబ్బు పాతదే. చిన్నప్పుడు కిళ్ళీ కొట్ల చుట్టూ తిరిగి ఖాళీ సిగరెట్ పెట్టెల అట్టలు ఏరుకుని, వాటికి మేమే విలువలు కట్టి, పందేలు కాసిన వాళ్ళం కదా. అందుకని బేస్‌బాల్ కార్డులు మొదట్లో వచ్చింది సిగరెట్ పెట్టెల్లోనే అని తెలిసినప్పుడు, అమెరికాలో మొదటిసారి ఒక విషయం నాకు ఎవరూ విడమర్చకుండానే అర్థమైంది. 1909-11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన కార్డుల్ని సేకరించేవాళ్ళు టీ206 అంటారు. నా దగ్గరున్నది హ్యారీ క్రౌజ్ కార్డు. వెనకాల పీడ్‌మాంట్ సిగరెట్ల ప్రకటన, ఒక మూల ఎలకలు కొట్టినట్టుంటుంది. 1909లో అమెరికన్ లీగ్ మొత్తానికీ అతి తక్కువ పరుగులిచ్చిన పిచర్ ఇతనే, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 1.39. అప్పట్లో జట్టు ఊరు ఫిలడెల్ఫియా.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. 1901లో పుట్టిన ఈ జట్టుని 1950 దాకా, అంటే యాభై ఏళ్ళు, కానీ మాక్ అనే ఒకే మనిషి నడిపాడు. మేనేజరూ ఆయనే, జట్టులో వాటాదారూ ఆయనే. 1910, 1911, 1913లలో వరల్డ్ సిరీస్ గెలిచారు. 1914లో బోస్టన్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడిపోయారు. అదే సమయంలో ఫెడరల్ లీగ్ అని కొత్త దుకాణమొకటి తెరిచి ఎక్కువ జీతాలతో ఆటగాళ్ళని లాగుతోంది. మాక్ దానితో పోటీ పడలేదు, జట్టుని విప్పేశాడు.

ఈ విప్పెయ్యడం ఎంత బాగా కనబడుతుందంటే... క్రాకర్ జాక్ అని బెల్లం పాకం పట్టిన పాప్‌కార్న్, దాని డబ్బాల్లో 1914లో 144 కార్డులు వేశారు, 1915లో మళ్ళీ 176 వేశారు. రెండేళ్ళ రీప్రింట్లూ నా దగ్గర పక్కపక్కనే పెట్టాను. 6వ నంబరు ఎడీ ప్లాంక్: 1914లో ఫిలడెల్ఫియా, 1915లో సెయింట్ లూయిస్ ఫెడరల్స్. 7వ నంబరు ఎడీ కాలిన్స్: 1914లో ఫిలడెల్ఫియా, 1915లో షికాగో. 19వ నంబరు చీఫ్ బెండర్: 1914లో ఫిలడెల్ఫియా, 1915లో బాల్టిమోర్ ఫెడరల్స్. నంబరు అదే, పేరు అదే, ఊరొక్కటే మారింది. మన భాషలో చెప్పాలంటే టేబుల్లో ప్రైమరీ కీ ముట్టుకోకుండా ఒక కాలమ్ అప్‌డేట్ చేశారు.

ఇక్కడో తిరకాసు ఉంది. కాలిన్స్‌ని మాక్ 50 వేల డాలర్లకి అమ్మేశాడు. ప్లాంక్, బెండర్ మాత్రం మాక్ వదులుకుంటే ఎక్కువ డబ్బిచ్చే లీగ్‌కి పోయారు. కార్డు మీద ఆ తేడా లేదు. ముగ్గురికీ ఒకే రకంగా కొత్త ఊరి పేరుంటుంది. అమ్ముడుపోయినవాడెవడో, నడిచిపోయినవాడెవడో కార్డు చెప్పదు.

నన్నిది ఎందుకు పట్టుకుందంటే, 2012లో నేను పనిచేసే కంపెనీవాళ్ళు మా విభాగాన్ని ఇంకో కంపెనీకి అమ్మేశారు. శుక్రవారం ఒక బ్యాడ్జి, సోమవారం ఇంకో బ్యాడ్జి. కుర్చీ అదే, కోడ్ అదే, బగ్గులూ అవే. రెండేళ్ళ తర్వాత ఎక్కడో ఇంటర్వ్యూకి వెళ్తే, రెజ్యూమె చూసి ఆ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న "ఆ కంపెనీ మీరెందుకు వదిలేశారు?" అని. నేను వదల్లేదు నాయనా, నన్ను సామాన్లతో కలిపి ఇచ్చేశారు అని చెప్పడానికి రెజ్యూమెలో కాలమ్ లేదు.

సరే, జట్టు సంగతికొద్దాం. మాక్ మళ్ళీ గొప్ప జట్టుని తయారుచేశాడు, 1929, 1930 వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు, ఆర్థిక మాంద్యంలో మళ్ళీ అమ్మేశాడు. 1933లో గౌడీ అనే బబుల్‌గమ్ కంపెనీ రంగురంగుల బొమ్మలతో 240 కార్డులు వేసింది. అమ్మకం సగంలో ఉండగా తీసిన ఫోటోలాంటిది ఆ సెట్టు. ఆల్ సిమన్స్ కార్డు మీద అప్పటికే షికాగో ఉంటుంది. జిమీ ఫాక్స్, లెఫ్టీ గ్రోవ్, మికీ కాక్రేన్ ఇంకా ఫిలడెల్ఫియాలోనే ఉంటారు. ఆ డిసెంబరులోనే గ్రోవ్ బోస్టన్‌కీ, కాక్రేన్ డిట్రాయిట్‌కీ వెళ్ళారు. 1935 డిసెంబరులో ఫాక్స్ కూడా. ఆ షీటు తిప్పేటప్పుడు నాకు ఉమ్మడి కుటుంబం ఆస్తి పంపకాలకి ముందు దిగిన గ్రూప్ ఫోటో గుర్తొస్తుంది.

1952 టాప్స్ సెట్టు గురించి గంటసేపు చెప్పగలను, చెప్పను. అందులో 31వ నంబరు గస్ జెర్నియల్ ఒక్కటి చూడండి చాలు, బ్యాటుకి ఆరు బంతులు అతికించుకుని నవ్వుతుంటాడు. నా ఫైల్లో మా ఆవిడకి నచ్చిన ఏకైక కార్డు.

1955లో జట్టు కాన్సస్ సిటీకి పోయింది. కొత్త యజమాని ఆర్నల్డ్ జాన్సన్ అంతకుముందు యాంకీ స్టేడియం సొంతదారు, దాంతో బాగా ఆడే ప్రతివాడూ చివరికి యాంకీస్‌లో తేలేవాడు. రోజర్ మారిస్ 1959 టాప్స్ కార్డు కాన్సస్ సిటీది, 1960 కార్డు యాంకీస్‌ది, 1961లో అతను 61 హోమ్ రన్లు కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటాడు. పదమూడేళ్ళ కాన్సస్ సిటీ కాపురం గురించి ఇంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

1968లో ఓక్లాండ్ వచ్చారు. యజమాని చార్లీ ఫిన్లీ, 1972లో మీసం పెంచినవాడికి 300 డాలర్లిస్తానన్న మహానుభావుడు. 1972, 73, 74 వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు. మూడోది అయ్యాక, ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సింది ఇవ్వలేదని మధ్యవర్తి తేల్చడంతో క్యాట్‌ఫిష్ హంటర్ స్వతంత్రుడైపోయి యాంకీస్‌కి వెళ్ళాడు. 1975 చివర్లో అదే మధ్యవర్తి, పీటర్ సైట్జ్, ఇంకో కేసులో ఇచ్చిన తీర్పుతో ఆటగాళ్ళని జీవితాంతం కట్టిపడేసే పాత క్లాజు కూలిపోయింది. జనం చేజారిపోతారని ఫిన్లీ తొందరపడ్డాడు. రెజీ జాక్సన్‌ని 1976 ఏప్రిల్లో బాల్టిమోర్‌కి పంపేశాడు. జూన్‌లో జో రూడీ, రాలీ ఫింగర్స్‌లని పదేసి లక్షలకీ, వైడా బ్లూని పదిహేను లక్షలకీ అమ్మబోతే కమిషనర్ బోయీ కూన్ అమ్మకాలే రద్దు చేశాడు.

ఇప్పుడు 1977 టాప్స్ కార్డులు చూడాలి. ఫింగర్స్ శాన్‌డియేగోలో, రూడీ కాలిఫోర్నియా ఏంజెల్స్‌లో, బాండో మిల్వాకీలో, కాంపనేరిస్ టెక్సాస్‌లో! కొత్త జట్టు బట్టల్లో ఫోటోలు తీసే టైము లేక టాప్స్ వాళ్ళు పాత ఫోటోల మీద టోపీలకి రంగు పూశారు. ఫోటోషాప్ లేని రోజులు, కుంచె పని తెలిసిపోతుంది. జాక్సన్ 1976 కార్డులో అథ్లెటిక్స్, 1977 కార్డులో పెయింటు యాంకీస్. మధ్యలో బాల్టిమోర్‌కి ఒక సీజను ఆడినా ఆ రెండు మామూలు సెట్లలోనూ ఆ ఊరి కార్డే లేదు. జట్టు మళ్ళీ చెల్లాచెదురైంది, 1914లోలాగే. కానీ ఈసారి చాలామంది తమంతట తాము వెళ్ళారు. అభిమానిగా ఆ షీటు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఉద్యోగిగా చూస్తే, నా ఫైలు మొత్తంలో నాకిష్టమైన షీటు అదే.

ఎనభైల గురించి చెప్పక తప్పదు కాబట్టి: 1981 నించి ఫ్లీర్, డాన్‌రస్ కూడా రంగంలోకి దిగాయి, అందరూ అచ్చేసిందే అచ్చేసి కుప్పలు పోశారు. మార్క్ మగ్వైర్ 1987 టాప్స్ కార్డుని పిల్లల చదువులకి పెట్టుబడి అనుకుని దాచుకున్నవాళ్ళున్నారు. నేను ఒక డాలరుకి కొన్నాను. స్టెరాయిడ్లు వాడానని అతను 2010లో ఒప్పుకున్నాడు. ఇక 'మనీబాల్' సినిమా చూసినవాళ్ళకి 2002 జట్టు గురించి నేను చెప్పక్కర్లేదు. పెద్ద ఆటగాళ్ళు వెళ్ళిపోయాక స్టాటిస్టిక్స్‌తో నెట్టుకొచ్చి వరసగా 20 మ్యాచ్‌లు గెలిచారు. మా ఆఫీసులో ఆ సినిమా గురించి మాట్లాడేవాళ్ళంతా డేటా గొప్పదనం గురించే చెప్తారు. ఆ పెద్ద ఆటగాళ్ళకి జీతాలెందుకు ఇవ్వలేదో అడిగినవాడు నాకింకా కనబడలేదు.

2023 నవంబరులో మిగతా జట్ల యజమానులు ఓటేసి అథ్లెటిక్స్ లాస్ వేగస్ వెళ్ళడానికి ఒప్పుకున్నారు. 2024 సెప్టెంబరు 26న ఓక్లాండ్‌లో ఆఖరి మ్యాచ్. నేనూ మావాడూ వెళ్ళాం. 46,889 మందిమి. టెక్సాస్ మీద 3-2 తేడాతో గెలిచారు. అయిపోయాక జనం కదల్లేదు. మావాడు చిన్నప్పుడు ఖాళీ కుర్చీల మధ్య పరిగెత్తిన వరసలోనే ఒక పెద్దాయన రికీ హెండర్సన్ చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఓక్లాండ్‌లో పెరిగి, ఈ జట్టులోకి నాలుగుసార్లు వచ్చి వెళ్ళి, మొత్తం 1,406 బేసులు దొంగిలించిన రికీ ఆ డిసెంబరులోనే పోయాడు. అతని 1980 టాప్స్ కార్డు అసలుదే నా దగ్గరుంది. వంకరగా కత్తిరించి ఉంటుంది, అందుకే నాకు అందింది.

2025 నించి జట్టు సాక్రమెంటోలో ఆడుతోంది, వేగస్ స్టేడియం 2028కి తయారవ్వాలి. ఈ మధ్యకాలంలో పేరుకి ముందు ఏ ఊరూ పెట్టుకోమన్నారు. ఒట్టి 'అథ్లెటిక్స్'.

నా ఫైల్లో మూడు అట్టలున్నాయి, స్కెచ్ పెన్నుతో ఫిలడెల్ఫియా, కాన్సస్ సిటీ, ఓక్లాండ్ అని మావాడు చిన్నప్పుడు రాసినవి. మొన్న నిక్ కర్ట్స్ కార్డు కొన్నాను. 2025లో ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్ రన్లు కొట్టి, ఆ ఏడు లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడైన కుర్రాడు. రికీ పక్క జేబు ఖాళీగా ఉంటే అందులో పెట్టాను. శెలవులకి ఇంటికొచ్చిన మావాడు చూసి, "నాన్నా, వీడు ఓక్లాండ్‌కి ఒక్క గేమ్ కూడా ఆడలేదు" అన్నాడు.

"మరి ఎక్కడ పెట్టమంటావురా?"

"ఓక్లాండ్ అట్ట వెనకాల మాత్రం వద్దు."

నాలుగో అట్ట కోసి ఇచ్చాను, ఏం రాస్తావో రాయి అని. స్కెచ్ పెన్ను కూడా ఇచ్చాను. శెలవులయ్యాయి, వాడు కాలేజీకి వెళ్ళిపోయాడు. అట్ట ఖాళీగానే ఉంది. కర్ట్స్ ప్రస్తుతానికి నా మానిటర్‌కి ఆనుకుని నిలబడి ఉన్నాడు.