మీటరు మళ్ళీ సున్నాకు

"మీ బండి మైలేజీ ఎంత?" అని మన దగ్గర ఎవరైనా అడిగితే, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అర్థం. నాందేడ్‌లో దీన్నే 'యావరేజి' అంటారు. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ లెక్క కాదు. ఒక బండి రోడ్డు ఎక్కిన నాటి నుంచి మొత్తం ఎంత దూరం తిరిగింది అన్న లెక్క. నాలుగైదు లక్షల కిలోమీటర్లు తిరిగి, ఇంకా పొద్దున్నే స్టార్టయ్యే పాత కార్లు మన సరిహద్దు ఊళ్ళలో ఎన్నో ఉండేవి. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వాళ్ళకూ, అవతల బోధన్, మద్నూర్, ముధోల్, భైంసా వాళ్ళకూ ఇవి తెలిసిన బండ్లే. వీటి వెనుక కొంత చరిత్ర ఉంది. దాన్ని ముచ్చటించుకుందాం.

మన ప్రాంతంలో మోటారు కన్నా ముందు వచ్చింది రైలు. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, బాసర, ధర్మాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ దాకా మీటరుగేజి పట్టాలు 1900 ప్రాంతంలో పడ్డాయి. పట్టాలకు ఎడంగా ఉన్న దెగ్లూర్, బిలోలి వంటి ఊళ్ళకు ఎడ్లబండే దిక్కు. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు ఆ కాలంలో హైదరాబాద్ రాజ్యంలో తిరిగాయి. సొంత కారు మాత్రం జాగీర్దార్లకు, పెద్ద అధికారులకు, ఒకరిద్దరు జిన్నింగు మిల్లుల యజమానులకే.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారు ఒకటి ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చింది. 1912 నాటి బండి. వెనుక సీటు సింహాసనంలాగా ఉంటుంది. ఊరేగింపులకు తప్ప బయటికి తీయలేదు కాబట్టి, వందేళ్ళలో నాలుగు వందల మైళ్ళైనా తిరగలేదని చెబుతారు. మన దెగ్లూర్ టాక్సీ అంత దూరం ఒక్క పెళ్ళిళ్ళ వారంలో తిరిగేది.

1956 నవంబరు 1 మన జిల్లాల వాళ్ళు మరచిపోని తేదీ. ఆ రోజు హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. ముధోల్ తాలూకా నాందేడ్ జిల్లా నుంచి ఆదిలాబాద్‌కు పోయింది. కిన్వట్ ఆదిలాబాద్ జిల్లా నుంచి నాందేడ్‌కు వచ్చింది. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ నిజామాబాద్‌లో చేరాయి. పిల్లనిచ్చిన ఊరు ఒక రాష్ట్రం, పిల్లను తెచ్చుకున్న ఊరు ఇంకొక రాష్ట్రం. బస్సులు రెండు సంస్థలవి అయ్యాయి. అటు బస్సు సరిహద్దు దాకా, ఇటు బస్సు సరిహద్దు దాకా అన్నట్టుండేది చాలా దారుల్లో. రాత్రిపూట చావు కబురు వస్తే బస్సు కోసం చూస్తూ కూర్చోలేరు కదా. అటువంటప్పుడు ఊళ్ళో ఉన్న ఒకటి రెండు కార్లే గతి. మన దగ్గర కార్ల మీటర్లు అంత తిరగడానికి మొదటి కారణం ఇదేనని నా అభిప్రాయం.

రెండో కారణం, కొత్త కారు దొరకకపోవడం. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు తరువాత, విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించే విదేశీ కంపెనీలు దేశం నుంచి తప్పుకున్నాయి. మిగిలినవి ప్రధానంగా మూడు: హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్, స్టాండర్డ్. కారుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వంతు కోసం ఎదురుచూసిన రోజులవి. అందుకని ఉన్న బండిని బతికించుకోవడం తప్పనిసరి. అంబాసిడర్ 1957లో మొదలై 2014 మేలో ఆగింది. ఆ మధ్యలో ముందు జాలీ మారింది, దీపాలు మారాయి, ఇంజన్లు కూడా మారాయి, కాని ఒళ్ళు దాదాపు అదే. ఒక పాత బండి తలుపు ఇరవై ఏళ్ళ తరువాతి బండికి కాస్త సుత్తి దెబ్బలతో సరిపోయేది. చనిపోయిన బండి ఒకటి బతికున్న నాలుగు బండ్లకు అవయవదానం చేసేది.

మా ఇంటి బండి కూడా అంబాసిడరే, డీజిల్‌ది, 1991లో రిజిస్టరైంది. మా బాపు ధర్మాబాద్‌లో మిరపకాయల వ్యాపారం చేసేవారు. 1994లో ఒక కాంట్రాక్టరు దగ్గర సెకండ్ హ్యాండులో తీసుకున్నారు. మీటరు 48 వేలు చూపిస్తోంది. "అస్లీ రీడింగు సేఠ్" అన్నాడు అమ్మినాయన. బాపు వెంట తీసుకుపోయిన మెకానిక్కును ఊరంతా ఉస్తాద్ అనేది. ఆయన మీటరు వైపు కన్నెత్తి చూడలేదు. వంగి క్లచ్ పెడలు రబ్బరు చూశాడు. డ్రైవరు వైపు తలుపు తీసి పైకెత్తి, కీలు ఎంత ఆడుతుందో చూశాడు. స్టీరింగు మీద చేతులు ఆనే చోట గీతలు అరిగిపోయాయా అని వేలితో తడిమాడు. "సేఠ్, మీటర్ ఝూట్ చెప్తది, పెడల్ చెప్పదు. ఇది ఒకసారి తిరిగొచ్చింది" అన్నాడు. అంటే 48 వేలు కాదు, లక్షా 48 వేలు. ధర ఆ ప్రకారమే కుదిరింది.

కొత్త తరం శ్రోతలకు ఈ మాట వివరించాలి. ఆ కాలపు మీటరులో కిలోమీటర్లు చూపించే చక్రాలు అయిదే ఉండేవి. ఒక్కొక్క చక్రం మీద సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. 99,999 దాటితే అయిదూ కలిసి మళ్ళీ సున్నాలకు వచ్చేవి. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే టాక్సీకి మూడేళ్ళు నిండకముందే ఇది జరిగేది. పైగా ఆ చక్రాలను తిప్పేది గేరుబాక్సు నుంచి వచ్చే సన్నని కేబులు. అది తెగిందంటే బండి పోతూనే ఉంటుంది, లెక్క ఆగిపోతుంది. వెనక్కి తిప్పే ఘనులు వేరే. కాబట్టి ఎక్కువ దూరం తిరిగిన పాత బండ్ల నిజమైన చరిత్ర మీటరులో లేదు. అది మనుషుల దగ్గర ఉంది.

మా బాపు దగ్గర అది ఎర్ర అట్ట చోప్డీలో ఉంది. డీజిల్ పోయించిన ప్రతిసారీ తేదీ, మీటరు, లీటర్లు, పోయిన ఊరు, పని రాసేవారు. తెలుగూ మరాఠీ కలగాపులగం. 'బోధన్, మేనత్త దినం.' 'మాహూర్ దర్శన్, ఏడుగురు.' 'నిజామాబాద్, మిర్చి రేటు.' 2001లో కేబులు తెగి చాలా నెలలు దొరకలేదు. అప్పుడు కిలోమీటరు రాళ్ళు చూసి దూరాలు కూడి రాశారు. నేను లెక్కల మాస్టారిని కాబట్టి ఒక వేసవి సెలవుల్లో ఆ మూడు చోప్డీలూ ముందేసుకుని కూడాను. బాపు నడపడం మానేసిన 2012 దాకా ఆయన చేతుల్లో మీటరు నాలుగుసార్లు తిరిగింది. మొదటి లక్షా 48 వేలు కలిపితే అయిదున్నర లక్షలు దాటింది.

బండి ఒక్కటే గాని ఇంజను ఒక్కటే అనుకోకండి. పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టాన్ని బోరు అంటారు. అది అరిగితే నూనె మండి నీలం పొగ వస్తుంది. అప్పుడు బోరును కాస్త పెద్దది చేసి, ఆ కొలతకు పెద్ద పిస్టన్లు వేస్తారు. అంగుళంలో వెయ్యో వంతు లెక్కన ఇరవై, ఆ తరువాత నలభై, ఆ తరువాత అరవై. అరవై అయ్యాక గోడ పలచబడుతుంది. ఇక లోపల కొత్త లైనరు దించి మళ్ళీ మొదటి కొలతకు తెస్తారు. మనిషికి ఇటువంటి సౌకర్యం లేదు! మా బండికి రెండుసార్లు బోరు చేయించాం, క్లచ్ ప్లేట్లు ఏడు మార్చాం. వెనుక కమాను పట్టీలు ఎన్ని విరిగాయో చోప్డీలో కూడా సరిగా లేదు. మిరపకాయల బస్తాలు డిక్కీలో వేసినందుకు అది శిక్ష. ఇప్పటికీ వానాకాలంలో డిక్కీ తెరిస్తే తుమ్ములొస్తాయి.

1999 ఆగస్టులో ఒక పేజీ ఉంది. 'నిజామాబాద్, రానుపోను 110.' పని అన్న చోట ఏమీ రాయలేదు. అది మా చిన్నక్కకు రాత్రి పదకొండు గంటలకు నొప్పులు వచ్చిన రోజు. వాన. బాసర వంతెన ఇంకా రాకముందే ఇంజను గిర్రుమని ఆగింది. డీజిల్ పైపులోకి గాలి చొరబడితే అట్లా అవుతుంది. బాపు దిగి, చీకట్లో చేత్తోనే పంపు కొట్టి, గాలి వదిలించారు. నేను టార్చి పట్టుకున్నాను. వెనుక సీట్లో అమ్మ ఒక్కమాట మాట్లాడలేదు. పదిహేను నిమిషాలు పట్టిందేమో, నాకు మాత్రం రాత్రంతా అనిపించింది. తెల్లవారుజామున మేనకోడలు పుట్టింది. పుట్టిన రాష్ట్రం ఒకటి, పెరిగిన రాష్ట్రం ఇంకొకటి. అది మన దగ్గర వింతేమీ కాదు.

ప్రపంచంలో ఈ లెక్కలో అందరికన్నా పేరు పొందినాయన కూడా నావంటి బడిపంతులే. అమెరికాలో న్యూయార్కు దగ్గర సైన్సు బోధించిన ఇర్వ్ గోర్డన్ 1966లో ఒక ఎర్ర వోల్వో కొన్నాడు. రోజూ బడికి పోయి రావడానికే రెండు వందల కిలోమీటర్లు. 2013లో ఆ ఒక్క కారు మీద ముప్పై లక్షల మైళ్ళు పూర్తి చేశాడు. అంటే సుమారు 48 లక్షల కిలోమీటర్లు. 2018లో కాలం చేశాడు. గ్రీసు దేశంలో గ్రెగోరియోస్ సఖినిడిస్ అనే టాక్సీ డ్రైవరు 1976 నాటి మెర్సిడెస్ డీజిల్ కారును 46 లక్షల కిలోమీటర్లు నడిపి, 2004లో దాన్ని కంపెనీ మ్యూజియానికే ఇచ్చాడు. గోర్డన్ రహస్యం అడిగినవాళ్ళకు పెద్దగా దొరికిందేమీ లేదు. వేళకు నూనె మార్చడం, చిన్న చప్పుడు విన్నప్పుడే చూపించడం, అంతే. మా ఉస్తాద్ చెప్పిందీ అదే. కాని గోర్డన్‌కు దొరికిన రోడ్లు మా ఉస్తాద్ బండ్లకు దొరకలేదు. నర్సీ నుంచి దెగ్లూర్ దాకా ఆనాటి గుంతల్లో తిరిగిన ఒక లక్ష, అక్కడి నున్నటి దారిలో మూడు లక్షలతో సమానమని వాదిస్తే నేను కాదనను.

ఇదంతా విని పాత బండి గొప్పదని పొగుడుతున్నాననుకోవద్దు. మా బండికి ఎయిర్ బ్యాగులు లేవు. బ్రేకు తొక్కితే ఆలోచించుకుని ఆగుతుంది. చలికాలంలో స్టార్టు చేస్తే వచ్చే పొగకు మా బడి పిల్లలు ముక్కు మూసుకుంటారు, వాళ్ళది తప్పు కాదు. అందుకే నేను దాన్ని బడికి తీసుకుపోవడం మానేశాను.

ప్రభుత్వం లెక్క మాత్రం కిలోమీటర్లతో కాదు, ఏళ్ళతో. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు. తరువాత ప్రతి అయిదేళ్ళకూ తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. దీన్నే మనం పాసింగు అంటాం. 2022 ఏప్రిల్ నుంచి దాని రుసుము ఆరు వందల నుంచి అయిదు వేలకు పెరిగింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు పది వేలు చేశారు. తుక్కు విధానం 2021లో వచ్చింది. ముంబాయిలో నలుపు పసుపు పద్మినీ టాక్సీల సంగతి మీరు వినే ఉంటారు. చివరిది 2003 అక్టోబరులో రిజిస్టరైంది. టాక్సీకి ఇరవై ఏళ్ళే గడువు కాబట్టి 2023 అక్టోబరుతో అవి రోడ్డు దిగిపోయాయి. వాటిలో ఏది రెండు లక్షలు తిరిగింది, ఏది పది లక్షలు తిరిగింది అని ఎవరూ అడగలేదు. పొగ వదిలే బండిని ఆపవలసిందే. కాని మూలన పడి తుప్పు పట్టిన ఇరవై ఏళ్ళ బండినీ, ప్రతి నెలా ఉస్తాద్ చెయ్యి పడిన ఇరవై ఏళ్ళ బండినీ ఒకే గాటన కట్టడం నా మనసుకు ఎక్కదు.

మా బండి చివరి పాసింగు 2021లో అయింది. మళ్ళీ గడువు 2026లో. పది వేల రుసుము, టైర్లు, బ్రేకు పని, రంగు అన్నీ లెక్కేస్తే బండి విలువను మించుతుంది. "తూకానికి ఇచ్చెయ్ బావా" అంటాడు మా బావమరిది. ఆయన లెక్కలో తప్పు లేదు. బాపును అడిగాను. ఆయనకు ఇప్పుడు ఎనభై దాటాయి. "కేబులు బాగుందా?" అన్నారు. లేదు, రెండేళ్ళ కింద తెగింది, నేను పట్టించుకోలేదు.

మొన్న ఆదివారం నాందేడ్ పాత సామాన్ల దుకాణాల్లో తిరిగి ఒక కేబులు సంపాదించాను. ఉస్తాద్ కొడుకు బిగించాడు. ధర్మాబాద్ నుంచి బాసర దాకా బాపును కూర్చోబెట్టుకుని పోయి వచ్చాను. మీటరు 71,306 దగ్గర కదిలింది, ఇల్లు చేరేసరికి 71,338. బాపు చోప్డీ తెప్పించుకుని తన చేత్తోనే రాశారు. పాసింగుకు తేదీ తీసుకున్నాను.