కోపాన్ని విషమన్న మతంలో క్రోధదేవతలు

మనిషి దుఃఖానికి మూలాలుగా బౌద్ధం చెప్పిన మూడు విషాల్లో ద్వేషం ఒకటి. దొంగలు పట్టుకుని రంపంతో ఒళ్లు కోస్తున్నా వాళ్ల మీద మనసులో కోపం రానివ్వకూడదని బుద్ధుడు భిక్షువులకు చెప్పినట్టు పాళీ సుత్తాల్లో ఉంది. అదే మతం వాళ్ల గుళ్లలోకి లద్దాఖ్‌లోనో, క్యోటోలోనో అడుగుపెడితే కనిపించేవి వేరు: మూడు కళ్లు, బయటికి పొడుచుకొచ్చిన కోరలు, మెడలో పుర్రెల దండ, చేతిలో నెత్తురు నిండిన కపాలం, కాళ్ల కింద నలుగుతున్న శరీరాలు, వెనక ఎగసిపడే మంటలు.

ఇవన్నీ ప్రతీకలే, ఆ దేవత చంపేది మన అహంకారాన్నే అని ఇప్పుడు చాలామంది చెబుతారు. ఆ మాట నిజమే, కానీ చరిత్రలో సగమే. ఈ దేవతల ఆయుధం ఏ కాలంలో ఎవరి మీదికి లేచిందో వరసగా చూస్తే మిగతా సగం బయటపడుతుంది.

గుమ్మం దగ్గరి యక్షులు

తొలి కథల్లో ఉగ్రత్వం బుద్ధుడిది కాదు, ఆయన పక్కన నిలబడ్డవాడిది. దీఘనికాయంలో అంబట్ఠుడనే బ్రాహ్మణ యువకుడు బుద్ధుడి దగ్గరికొచ్చి శాక్యుల్ని నోటికొచ్చినట్టు తూలనాడతాడు. నీ వంశం ఎలా మొదలైందో చెప్పమని బుద్ధుడు ఎదురు ప్రశ్న వేస్తే నోరు మెదపడు. రెండుసార్లు అడిగినా జవాబు రాదు. అప్పుడు వజ్రపాణి అనే యక్షుడు ఎర్రగా కాలిన ఇనుప గద ఎత్తి అతని నెత్తి మీద ఆకాశంలో నిలబడతాడు. మూడోసారీ చెప్పకపోతే తల ఏడు చెక్కలవుతుంది. ఆ యక్షుడు బుద్ధుడికీ, అంబట్ఠుడికీ తప్ప ఇంకెవరికీ కనిపించడు. భయంతో అంబట్ఠుడు నిజం చెప్పేస్తాడు. గురువు శాంతం చెడలేదు, బెదిరింపు పని మాత్రం జరిగిపోయింది. తర్వాతి వెయ్యేళ్ల క్రోధదేవతలకు బీజం ఇక్కడే ఉంది.

గాంధార శిల్పులు ఈ వజ్రపాణికి గ్రీకు వీరుడు హెరాక్లీస్ పోలికలు తెచ్చారు. గడ్డం, కండలు తిరిగిన ఒళ్లు, చేతిలో గదకు బదులు వజ్రం. బుద్ధుడు ఎక్కడికెళ్తే అక్కడ అంగరక్షకుడిలా వెనకే ఉంటాడు.

హారీతిది ఇంకో దారి. ఐదు వందల మంది పిల్లల తల్లి అయిన ఈ యక్షిణి రాజగృహంలో ఊరివాళ్ల పిల్లల్ని ఎత్తుకుపోయి తినేది. బుద్ధుడు ఆమె కడగొట్టు కొడుకును భిక్షాపాత్ర కింద దాచాడు. వెతికి వెతికి ఏడుస్తూ వచ్చిన తల్లికి మిగతా తల్లుల కడుపుకోత తెలిసొచ్చింది. మరి నేనూ, నా పిల్లలూ ఏం తినాలని అడిగితే, మఠాల్లో మీకు రోజూ అన్నం పెడతారని మాటిచ్చాడు. ఆ మాట కథలోనే ఉండిపోలేదు. 7వ శతాబ్దం చివర మన దేశంలో తిరిగిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, మఠాల వాకిట్లోనో భోజనశాల మూలనో హారీతి బొమ్మ ఉంటుందని, దాని ముందు రోజూ అన్నం పెడతారని రాశాడు. నాగార్జునకొండలో హారీతికి గుడే ఉండేదని తవ్వకాల్లో తేలింది. అజంతా 2వ గుహలో ఆమె భర్త పాంచికుడితో కలిసి నిండుగా, ప్రశాంతంగా కూర్చుని ఉంటుంది. ఆ శిల్పానికి పైన ఒక మూల చిన్నగా ఆమె పాత ఉగ్రరూపం బుద్ధుడి మీదికి దూకుతూ కనిపిస్తుంది. పాత దేవతను తరిమెయ్యకుండా కొలువులో పెట్టుకోవడం ఈ మతానికి మొదటి నుంచీ తెలిసిన విద్య.

సేవకుడు నాయకుడైన వేళ

గుప్తుల కాలం తర్వాత తాంత్రిక బౌద్ధమైన మంత్రయానం బలపడేకొద్దీ ఈ కాపలాదారులకు కొత్త పేర్లొచ్చాయి. మంజుశ్రీ పక్కన యమాంతకుడు, అవలోకితేశ్వరుడి పక్కన హయగ్రీవుడు చేరారు. తొలి శిల్పాల్లో వీళ్లు పొట్టిగా, బానపొట్టతో, యజమాని మోకాలి ఎత్తున నిలబడతారు. క్రోధదేవతల శిల్పాన్ని 1999లో ఒక పుస్తకంగా పరిశీలించిన రాబర్ట్ లిన్‌రోత్ ఈ ఎదుగుదలను మూడు దశలుగా చూపించాడు: మొదట పరివారంలో సేవకులు, తర్వాత సొంతంగా నిలబడ్డ దేవతలు, చివరికి మండలం నడిబొడ్డున ఉండే ప్రధాన దేవతలు.

రెండో దశకు గుర్తుగా నిలిచేది త్రైలోక్యవిజయుడు. సర్వతథాగత తత్త్వసంగ్రహమనే తంత్రంలో, మూడు లోకాలకూ నేనే ప్రభువునన్న మహేశ్వరుడు బుద్ధుల ఆజ్ఞకు తలవంచడు. వజ్రపాణి హుంకారంతో అతన్ని నేలకూల్చి, ఒక కాలు అతని మీద, ఇంకో కాలు ఉమాదేవి మీద మోపుతాడు. కథ అక్కడితో ఆగదు. ఆ పాదస్పర్శతోనే మహేశ్వరుడు మరో లోకంలో భస్మేశ్వర నిర్ఘోషుడనే బుద్ధుడవుతాడు. బోధ్‌గయ, నలందా ప్రాంతాల శిల్పాల్లో ఈ ఘట్టం ఉంది. శైవం రాజుల ఆదరణతో దేశమంతా అల్లుకుంటున్న కాలమది. దానం కోసం, రాజాశ్రయం కోసం జరిగిన పోటీ ఆ కథలో దాగలేదు. ఇక్కడ ఆయుధం లేచింది పక్క గుడి దేవుడి మీదికి. హారీతిని లొంగదీసిన పద్ధతే మహేశ్వరుడి మీదా వాడారు: ఓడించు, దీవించు, పరివారంలో కలుపుకో.

పోటీలో అరువూ ఉంది. 8వ శతాబ్దం తర్వాత వచ్చిన హేవజ్ర, చక్రసంవర తంత్రాల్లో ప్రధాన దేవతైన హేరుకుడి వేషం అచ్చంగా శ్మశానాల్లో తిరిగే శైవ కాపాలికులది. ఎముకల నగలు, ఖట్వాంగం, కపాలపాత్ర, ఒంటికి బూడిద. శైవ తంత్రాల నుంచి బౌద్ధులు ఎంత తీసుకున్నారన్నది పండితుల మధ్య ఇంకా నలుగుతున్న వాదం. ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందనడంలో మాత్రం అనుమానం లేదు. హిందువుల దశమహావిద్యల్లోని ఛిన్నమస్తకు, బౌద్ధుల ఛిన్నముండా వజ్రయోగినికి పోలిక చూస్తే అర్థమవుతుంది.

తెలుగు నేల కూడా ఈ మంత్రయాన దశను చూసింది. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండంలో మారీచి, తార విగ్రహాలు దొరికాయి. మారీచి ముఖాల్లో ఒకటి పంది ముఖం, ఆమె రథాన్ని లాగేవీ పందులే. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది మన ధాన్యకటకంలోనే, అంటే ఇప్పటి అమరావతిలోనేనని టిబెటన్ సంప్రదాయం నమ్ముతుంది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇవ్వడానికి కారణం ఆ నమ్మకమే.

సింహాసనాలకు కాపలా

చైనాలో ఈ దేవతలు నేరుగా రాజకీయంలో దిగారు. టాంగ్ రాజ్యాన్ని 755లో ఆన్ లుషాన్ తిరుగుబాటు కుదిపేసినప్పుడు అమోఘవజ్రుడనే ఆచార్యుడు చక్రవర్తి పక్షాన శత్రునాశన పూజలు చేసి ఆస్థానంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆయన శిష్యపరంపరలో చదువుకుని 806లో జపాన్ తిరిగెళ్లిన కూకై ఈ విద్యను అక్కడ నాటాడు. క్యోటోలోని తోజి ఆలయంలో ఆయన తలపెట్టిన 21 విగ్రహాల మండలం ఆయన పోయాక, 839లో పూర్తయింది. అందులో ఐదుగురు క్రోధరాజులు. వాళ్లకు పెద్ద ఫుదో, అంటే మన అచలుడు. త్రైలోక్యవిజయుడు, యమాంతకుడు కూడా జపాన్ పేర్లతో పక్కనే ఉన్నారు.

ఫుదో రూపం దగ్గరగా చూడదగ్గది. కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో పాశం, ఎడమ భుజం మీదికి జారిన ఒంటి జడ. చాలా విగ్రహాల్లో ఒక కోర పైకి, ఒకటి కిందికి ఉంటాయి. కూర్చున్నది తామర మీద కాదు, బండరాయి మీద. ఆయన ముందు జరిగే గోమా మన హోమమే. కోరికలు రాసిన కర్రపుల్లల్ని పూజారులు ఆ మంటలో వేస్తారు. నరితాలోని షిన్‌షోజి ఆలయం పుట్టుక 940 నాటి మసకాదో అనే యోధుడి తిరుగుబాటును అణచడానికి చేసిన ఫుదో పూజతో ముడిపడి ఉంది. ఇప్పుడక్కడికి జనం ప్రయాణాల్లో, వ్యాపారాల్లో క్షేమం కోరి వస్తారు.

టిబెట్‌లో పాత కథ మళ్లీ నడిచింది. 8వ శతాబ్దంలో పద్మసంభవుడు కొండల్లోని, లోయల్లోని దేవతల్ని లొంగదీసి ధర్మాన్ని కాపాడతామని వాళ్లచేత ఒట్టు వేయించాడంటారు. దలైలామాలకు రక్షకురాలైన పాల్డెన్ లామో మన శ్రీదేవి పేరే మోస్తుంది, రూపం మాత్రం ఒళ్లు జలదరించేది. ధర్మద్రోహి కాబోతున్నాడని సొంత కొడుకును చంపి, అతని చర్మాన్ని జీనుగా వేసి, కంచరగాడిద ఎక్కి నెత్తుటి సముద్రం దాటుతుంది. లంక రాక్షసరాజైన భర్త వేసిన బాణం గాడిద పిరుదులో దిగితే, దాన్ని పీకేసి ఆ గాయాన్నే కన్నుగా మార్చింది.

కుబ్లాయ్ ఖాన్‌కు గురువైన సాక్య లామా ఫగ్పా కాలంలో మహాకాలుడు మంగోల్ సామ్రాజ్యానికి రక్షకుడయ్యాడు. చైనాలోని సోంగ్ రాజ్యం మీద గెలుపును ఆ దేవుడి మహిమగా చెప్పుకున్నారు. 1292లో చెక్కిన అలాంటి మహాకాలుడి రాతివిగ్రహం పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉంది. గుండెల దగ్గర కత్తీ కపాలమూ పట్టిన ఆ చేతుల మీదుగా అడ్డంగా ఒక కర్రపలక కనిపిస్తుంది. అది మఠంలో భిక్షువుల్ని పిలవడానికి మోగించే గండి. యుద్ధదేవుడి ఒంటి మీద కూడా మఠం గుర్తు పోలేదు.

మఠాల్లో ఈ రక్షకులకు చీకటి గది వేరుగా ఉంటుంది, గోన్‌ఖాంగ్ అంటారు. గోడలకు పాత కత్తులు, డాళ్లు వేలాడుతుంటాయి. బలికి బదులు ఎర్రరంగు పూసిన పిండిముద్దలు పెడతారు, నెత్తురుకు బదులు టీ, సారాయి పోస్తారు. లేహ్ దగ్గరి స్పితుక్ మఠంలో ఉగ్రదేవతల ముఖాల మీది తెర ఏడాదికొకసారి, ఉత్సవం రోజుల్లోనే తీస్తారు. చామ్ నృత్యంలో ముసుగులు కట్టిన భిక్షువులు పిండితో చేసిన శత్రువు బొమ్మను ముక్కలు చేస్తారు. ఆ బొమ్మ సొంత అహంకారమని గురువులు చెబుతారు. ఊరివాళ్లకు అది వచ్చే ఏడాది రాబోయే రోగం, కరువు కూడా.

లోపలి శత్రువు

ఆయుధాన్ని మనసు వైపు తిప్పిన శాస్త్రం తక్కువది కాదు. టిబెట్ బౌద్ధంలోని గెలుగ్ శాఖకు ప్రధాన ఇష్టదైవమైన వజ్రభైరవుడి తొమ్మిది ముఖాలు తొమ్మిది రకాల బుద్ధవచనం, రెండు కొమ్ములు రెండు సత్యాలు, పదహారు కాళ్లు పదహారు శూన్యతలు. ముప్ఫైనాలుగు చేతులకు కాయం, వాక్కు, చిత్తం కలిపితే ముప్ఫైఏడు బోధిపక్ష ధర్మాలు. 14వ శతాబ్దంలో కర్మలింగ్పా వెలికితీశాడని చెప్పే బార్దో తోడోల్ అనే గ్రంథం ఇంకో అడుగు ముందుకేసింది. చనిపోయినవాడికి మొదట నలభైరెండు మంది శాంతదేవతలు, తర్వాత యాభై ఎనిమిది మంది ఉగ్రదేవతలు కనిపిస్తారు. వాళ్లు నీ మనసు నుంచే పుట్టారు, పారిపోకు, గుర్తుపట్టమని ఆ గ్రంథం చెవిలో చెబుతుంది.

1895లో టిబెట్ బౌద్ధం మీద పుస్తకం రాసిన వాడెల్‌కు ఇదంతా దయ్యాల పూజగా కనిపించింది. ఆ చిన్నచూపుకు జవాబుగానే తర్వాతి తరాలు అంతా మనస్తత్వమే అన్నాయి. కానీ దోర్జె షుగ్దెన్ అనే రక్షకదేవత పూజ మానమని 1996లో దలైలామా గట్టిగా చెప్పినప్పుడు ప్రవాస టిబెటన్ల మఠాలే చీలిపోయాయి. ఉత్త ప్రతీక కోసం జనం అలా విడిపోరు.

టిబెటన్లు చెప్పుకునే ఒక కథ ఈ రెండు సగాలనూ కలుపుతుంది. గుహలో తపస్సు చేసుకుంటున్న సన్యాసి తలను దొంగలు నరికారు. అతను వాళ్లు చంపిన దున్న తలను తగిలించుకుని లేచి, దొంగల్ని చంపి, ఆగలేక ఊళ్ల మీద పడ్డాడు. వాణ్ణి ఆపడానికి మంజుశ్రీ తానూ దున్నతలతో యమాంతకుడయ్యాడు. ఇద్దరి ముఖం ఒకటే, తేడా మనసులో ఉంది. అందుకే దీక్ష లేనిదే ఈ సాధన ఇవ్వరు, ముందు ‘నేను’ను శూన్యంలో కరిగించాకే ఆ రూపం ధరించమంటారు. సాధకుడి విషయంలో ఆ షరతును గురువు పరీక్షించగలడు. అదే దేవతను యుద్ధానికి పిలిచిన ఖాన్‌ను, చక్రవర్తిని ఎవరు పరీక్షించారు? క్రోధదేవతల చరిత్రలో తెగని చిక్కు అదే.