మన గురించి మద్రాసు మ్యూజియం ఏం రాసుకుంది?



మ్యూజియం అనగానే రాజుల కత్తులు, విరిగిన విగ్రహాలు గుర్తొస్తాయి. మన యానాదులకు అక్కడ పనేముందిలే అనుకుంటాం. కానీ 120 ఏళ్ల కిందటే ఒక మ్యూజియం మన మీద ప్రత్యేకంగా ఒక రచన అచ్చేసింది. మనలో చాలామందికి ఈ సంగతి తెలియదు, అందుకే ఈ పోస్టు.

ఆ మ్యూజియం చెన్నై ఎగ్మూరులో ఉంది. 1851లో మొదలైంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మన నెల్లూరు మద్రాసు కిందే ఉండేది కదా! అమరావతి శిల్పాలు కూడా అట్లానే అక్కడికి చేరాయి.

ముందు ఒక పాత కథ చెప్పుకుందాం. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి పాత గుడి గోడ తగిలింది. తవ్వితే కుండలో బంగారు నాణేలు దొరికాయి. అవి రోము చక్రవర్తులు ట్రేజన్, హేడ్రియన్ కాలం నాటివి. అంటే దాదాపు 1900 ఏళ్ల కిందటే మన తీరానికి సముద్ర వ్యాపారం ఉందన్నమాట. పాపం ఆ రైతు కొన్నింటిని పాత బంగారం కింద తక్కువ ధరకు అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయి ఉంటాయి. ఈ సంగతిని ఉత్తరంలో రాసిన మద్రాసు దొర అలెగ్జాండర్ డేవిడ్‌సన్ పేరు చరిత్రలో నిలిచింది. నాణేలు బయటికి తీసిన రైతు పేరు మనకు దక్కలేదు.

తర్వాత శాసనాల వంతు. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా రాగిరేకులు, రాతి శాసనాలన్నీ పోగేసి 1905లో మూడు సంపుటాలుగా వేశారు. గొప్ప పనే. కానీ శాసనం రాయించాలంటే రాయి చెక్కించే స్తోమత ఉండాలి. కాలవలో చేపలు పట్టుకునేవాళ్లు, అడవిలో తేనె తీసేవాళ్లు శాసనం వేయించలేరు. అందుకే వాటిలో ఎక్కువగా రాజులు, గుడులు, భూదానాలే కనిపిస్తాయి.

మరి మనం ఎక్కడున్నాం? 1901లో మద్రాసు మ్యూజియం బులెటిన్‌లో వి. రంగారావు నెల్లూరు జిల్లా యానాదుల మీద రాశారు. అప్పుడు మ్యూజియం పెద్ద ఎడ్గార్ థర్‌స్టన్. ఆయన 1909లో తెచ్చిన ఏడు సంపుటాల కులాలు, తెగల పుస్తకంలో మన గురించి చివరి సంపుటంలో ఉంది. కర్రతో కర్ర రాపాడించి నిప్పు పుట్టించడం దగ్గర్నుంచి శ్రీహరికోట బతుకుల దాకా రాశాడు. ఆ రోజుల్లో ఆయన జనం తలలు, ముక్కులు కొలిచి లెక్కలు కట్టేవాడు. మనిషిని కొలిస్తే జాతి తెలుస్తుందనుకున్నారు. అది తప్పని తర్వాత సైన్సే తేల్చింది.

ఆ పుస్తకాలు పనికిరావని మేం అనడం లేదు. తాతల పనితనం వాటిలో ఉంది, చదవాల్సిందే. అయితే వాటిలో అడిగినవాళ్ల మాటే ఎక్కువ, చెప్పినవాళ్ల మాట తక్కువ.

శ్రీహరికోటనే చూడండి. 1835లో కంపెనీ ప్రభుత్వం ఆ దీవిని తన చేతిలోకి తీసుకుంది. 1969లో దాన్ని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు, 1971 అక్టోబరులో తొలి రాకెట్ ఎగిరింది. దేశానికి అది గర్వమే. మనవాళ్లు ఎన్నో కుటుంబాలు దీవి వదిలి ఒడ్డుకొచ్చాయి. రాకెట్ల తేదీలన్నీ రాసిపెట్టి ఉన్నాయి. ఏ గూడెం ఎక్కడుండేదో, ఏ చెట్టును ఏమని పిలిచేవాళ్లో మన ముసలోళ్ల నోట్లోనే ఉంది. వాళ్లు పోతే అదీ పోతుంది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చెన్నై వెళితే ఎగ్మూరు మ్యూజియం చూసి రండి. అంతకంటే ముందు ఇంట్లో అవ్వ పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డు పెట్టి పుట్టిన గూడెం పేరు, పట్టిన చేపల పేర్లు, వాడిన ఆకుల పేర్లు అడగండి. చెప్పినవాళ్ల పేరు, తేదీ తప్పకుండా రాయండి. నాణేలు దొరికిన రైతుకు జరిగింది మన అవ్వలకు జరగకూడదు.