కందుకూరి గారి ఇంట్లో నేను తీయని ఫొటో

ఈరోజు ఒక ఇంటి గురించి మాట్లాడుకుందాం. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు.

మాది సంతబొమ్మాళి అని మీకు తెలుసు కదా. పోయిన నెల నౌపడలో రైలెక్కి వెళ్ళా. ఇంటి ముందు నిలబడి వైడ్‌లో నాలుగు ఫొటోలు, ఒక రీల్ తీశా. లైటింగ్ బాగుంది, ఫ్రేమ్ బాగుంది. రాత్రి లాడ్జిలో ఎడిట్ చేస్తుంటే మాత్రం ఏదో మిస్ అయినట్టు అనిపించింది.

ఆ ఇల్లు ఎందుకు ఫేమస్? 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు తన ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళికూతురు గౌరమ్మ, చిన్నప్పుడే భర్త పోయిన పిల్ల. పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు. పోలీసు బందోబస్తు మధ్య జరిగిన పెళ్ళి అది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం వచ్చింది 1856లో. బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ గారు పోరాడి తెప్పించారు. అంటే పాతికేళ్ళ ముందే సర్కారు ఒప్పేసుకుంది. మరి ఇంకా ఏం అడ్డం?

వంట! అవును, వంటే. వెలివేస్తారన్న భయంతో వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. చట్టం వచ్చింది గానీ బిందె ఎత్తే మనిషి రాలేదు. అప్పుడు వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మి గారు తానే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారు. ఆవిడ ఆ పని చెయ్యకపోతే ఆ పెళ్ళి భోజనాలు లేవు.

అందుకే మర్నాడు పొద్దున్న మళ్ళీ వెళ్ళా. ఈసారి ముందు వైపు తియ్యలేదు. ఇంటి దగ్గర కెమెరా ఆన్ చేసి, గోదావరి దాకా నడుచుకుంటూ వీడియో తీశా. చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు, అయినా చెమట పట్టింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా పెద్దమ్మ కూతుర్ని కవిటి వైపు ఇచ్చారు. మన ఉద్దానం సంగతి తెలిసిందే. బావ కిడ్నీ జబ్బుతో, డయాలసిస్‌కి తిరిగి తిరిగి పోయాడు. అక్కకి ముప్పై కూడా లేవు, ఒక పాప. పోయినేడాది ఒక మంచి సంబంధం వచ్చింది. తప్పని ఎవరూ అనలేదండి. “చేస్తే చేద్దాం గానీ, భోజనాలకి ఎవరొస్తారు?” అన్నారంతే. అక్కడితో ఆగిపోయింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నా. బీటెక్ చదివా, చరిత్ర వీడియోలు చేస్తా. ఒక్క మాట మాట్లాడలేదు.

140 ఏళ్ళు దాటినా అడ్డం వస్తున్నది ఆ పంక్తే.

మీరు ఏ పాత ఇంటికి వెళ్ళినా ముందు గుమ్మం ఒక్కటే తీసుకుని వచ్చేయకండి. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎవరు మోశారు, అదీ అడగండి.

ఆ నడక వీడియో ముందు అక్కకే పంపా. రాత్రి రిప్లై వచ్చింది: “నీళ్ళు మోసినావిడ పేరేటి రా?”

పేరు చెప్పా. ఈ ఆదివారం పెద్దమ్మ ఇంటికి వెళ్తున్నా. ఈసారి మాట్లాడతా.

ఉంటాను మరి, బై.