డిజిటల్ తెరకు నేల టికెట్టు: సరసమైన ధరకూ పైరసీకీ ఉన్న సంబంధం

తెలుగునాట సినిమా హాలు చాలాకాలం ఒకే బొమ్మను నాలుగు ధరలకు అమ్మింది. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. తెర ఒకటే, ఆట ఒకటే. కూలి డబ్బులతో వచ్చినవాడికీ, కుటుంబంతో తీరిగ్గా వచ్చినవాడికీ ఎవరి దారి వారికి ఉండేది. అర్థశాస్త్ర పాఠాల్లో దీన్ని ధర విచక్షణ అంటారు. హాలు యజమాని ఆ మాట విని ఉండకపోవచ్చు. కానీ బాల్కనీ ధర ఇవ్వలేని మనిషిని బయటికి పంపేస్తే తనకే నష్టమని అతనికి తెలుసు. ఇప్పుడు సినిమా ఫోన్‌లోకి వచ్చింది, ఆ నేల తరగతి మాత్రం రాలేదు. సరసమైన ధర పైరసీని తగ్గించగలదా అంటే తగ్గించగలదనే నా వాదన. అయితే చందా రేటును ఎంత తగ్గించారన్నది ఒక్కటే లెక్క కాదు. ప్రేక్షకుడికి కావలసింది ఒక సినిమా, సంస్థలు అమ్ముతున్నది నెల చందా, ఏడాది చందా. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలోనే పైరసీ బతుకుతోంది.

ధర ప్రభావం ఎంతో మన మార్కెట్లోనే ఒకసారి తేలింది. ఖాళీ సీడీలు, డీవీడీలు తయారుచేసే మోజర్ బేర్ కంపెనీ 2007 ప్రాంతంలో సినిమా హక్కులు కొని, వీసీడీ 28 రూపాయలకూ డీవీడీ 34 రూపాయలకూ అమ్మకానికి పెట్టింది. అంతకుముందు అసలు డీవీడీ కొనాలంటే వందల రూపాయలు పెట్టాలి. ఫుట్‌పాత్ మీద దొరికే నకిలీ డిస్కుకు అందులో చిన్న వంతు చాలు. రెండు ధరలూ పక్కపక్కకు చేరేసరికి కొనేవాడి లెక్క మారింది. సగంలో ఇరుక్కుపోని డిస్కు, ముందు వరుసవాళ్ల తలలు అడ్డురాని బొమ్మ, వినబడే మాట దాదాపు అదే డబ్బుకు వస్తుంటే నకిలీని ఎంచుకోవడానికి కారణం మిగల్లేదు. పోటీ కంపెనీలు కూడా ధరలు దించాల్సివచ్చింది. అమెరికాలోని సోషల్ సైన్స్ రీసెర్చ్ కౌన్సిల్ జో కరగానిస్ సంపాదకత్వంలో 2011లో వెలువరించిన పెద్ద అధ్యయనం భారత్, బ్రెజిల్, రష్యా, దక్షిణాఫ్రికా వంటి దేశాలను పరిశీలించి, పైరసీకి మూలం ధరల్లో ఉందని తేల్చింది. సంపన్న దేశపు ధరను తక్కువ ఆదాయాల దేశంలో అలాగే అంటగడితే చట్టబద్ధమైన మార్కెట్ కొద్దిమందికే పరిమితమవుతుంది, మిగిలినవాళ్లందరికీ నకిలీయే మార్కెట్ అవుతుంది. మోజర్ బేర్ చివరికి దివాలా తీసి 2018లో లిక్విడేషన్‌కు చేరింది కదా, చౌక ధర నిలబడలేదనడానికి అదే రుజువు కదా అని అడగవచ్చు. ఆ కంపెనీని ముంచిన అప్పుల్లో సౌరవిద్యుత్ వ్యాపారానివీ ఉన్నాయి. పైగా ఈలోగా డిస్కు అనే వస్తువే ఇళ్లలోంచి మాయమైంది. 34 రూపాయల ధర తప్పని ఆ పతనం నిరూపించదు.

అలాగని ధరను సర్వరోగ నివారిణిగా చూపితే ఆధారాలు ఒప్పుకోవు. యూరోపియన్ కమిషన్ కోసం ఎకోరిస్ సంస్థ 6 దేశాల్లో జరిపిన అధ్యయనం 2015లోనే పూర్తయినా 2017లో గానీ జనానికి అందలేదు. అందులో నాకు ముఖ్యమనిపించింది వస్తువుకూ వస్తువుకూ మధ్య కనిపించిన తేడా. పాటలు, పుస్తకాలు, ఆటల ధరలు పైరసీ చేసేవారు ఇవ్వడానికి సిద్ధపడే మొత్తానికి దగ్గరగానే ఉన్నాయి. కాబట్టి వాటి ధర ఇంకా దించినా పైరసీ పెద్దగా మారదు. సినిమాలు, టీవీ సీరియళ్ల ధరలు మాత్రం వాళ్లు ఇవ్వదలచినదానికంటే పైన ఉన్నాయి, అక్కడ ధర పనిచేసే అవకాశం ఉంది. పైరసీ వల్ల అమ్మకాలకు స్పష్టమైన గండి కనబడింది కూడా కొత్తగా వచ్చిన పెద్ద సినిమాల విషయంలోనే.

పరిశోధకులు జరిపిన మరో ప్రయోగం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. టారెంట్లు వాడే కుటుంబాలను ఎంచుకుని, వాటిలో కొన్నింటికి సినిమాలు, సీరియళ్ల సేవను 45 రోజులపాటు ఉచితంగా ఇచ్చారు. 2018లో ప్రచురితమైన ఫలితం ప్రకారం, ధర సున్నా అయినా టారెంట్లు వాడే కుటుంబాల సంఖ్య సగటున చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఎవరి అభిరుచికి తగిన సినిమాలు ఆ సేవలో ఉన్నాయో ఆ ఇళ్లలో మాత్రం గట్టిగా తగ్గింది. కోరుకున్నది దొరకనప్పుడు ధర సున్నా అయినా ఉపయోగం లేదని దీనర్థం. సరసమైన ధర గురించి మాట్లాడేవాళ్లు ఈ ప్రయోగాన్ని దాటవేయకూడదు. నా వాదనకు అసలు బలం కూడా ఇక్కడే ఉంది.

2025 సంక్రాంతి సినిమాలనే చూడండి. జనవరి 10న గేమ్ ఛేంజర్, 12న డాకు మహారాజ్, 14న సంక్రాంతికి వస్తున్నాం విడుదలయ్యాయి. హాల్లో ఈ మూడూ ఒకే ఊళ్లో, ఒక్కోటి ఒక్కో టికెట్టుకు దొరికాయి. ఇంటి తెర మీదికి వచ్చేసరికి మొదటిది ప్రైమ్ వీడియోకూ, రెండోది నెట్‌ఫ్లిక్స్‌కూ, మూడోది జీ5కూ వెళ్లాయి. ఒక పండగ సినిమాలు మూడూ చూడాలంటే మూడు యాప్‌లు, మూడు చందాలు, మూడు పాస్‌వర్డ్‌లు కావాలి. ఇంకొన్ని సినిమాల కోసం ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్ ఉండనే ఉన్నాయి. విడివిడిగా చూస్తే ఏ చందా కూడా దారుణమైనది కాదు. ఆహా 2020లో మొదలైనప్పుడు ఏడాదికి 365 రూపాయలే అడిగింది, అంటే రోజుకు రూపాయి. అన్నీ కలిపినప్పుడే ఆ మొత్తం ఒక మామూలు కుటుంబపు ఫోన్ రీఛార్జీని దాటిపోతుంది. 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు నిర్వాహకుణ్ణి అరెస్టు చేసేదాకా నడిచిన పైరసీ సైటు ఐబొమ్మకు పేరు తెచ్చినవి ఎక్కువగా కెమెరా ప్రింట్లు కావు, ఓటీటీకి వచ్చిన సినిమాల శుభ్రమైన కాపీలు. అంటే జనం దొంగచాటుగా చూసినవి చట్టబద్ధంగా దొరకని సినిమాలు కావు, ఆరు చోట్ల చెల్లాచెదురుగా దొరికేవి. ఆ సైటు ఇచ్చింది తెలుగు సినిమాలన్నీ ఒక్కచోట, ఖాతా తెరవనక్కర్లేకుండా, ఫోన్‌లో పట్టే సైజులో. నిర్మాతకు చెందాల్సిన డబ్బును దారి మళ్లించిన ఆ పని నేరమే, అందులో సందేహం లేదు. కానీ వెతుకులాట కూడా ధరలో భాగమేనని ఆ సైటుకు దొరికిన ఆదరణ చెబుతోంది.

ఇక ఎక్కువగా వినబడే ఆక్షేపణ: ఉచితంతో ఏ ధర పోటీపడుతుంది? ఉచితం అనేది రూపాయల్లోనే. పైరసీ సైటులో ఒక్క ప్లే బటన్ కోసం నాలుగు బెట్టింగ్ ప్రకటనలు మూసుకుంటూ వెళ్లాలి, ఏ లింకు నొక్కితే ఫోన్‌లోకి ఏం చేరుతుందో తెలియదు. ఆ శ్రమకంటే తక్కువ అనిపించే ధర ఒకటి ఉంటుంది. పాటల విషయంలో అది దొరికింది. తెలుగు పాటల ఎంపీత్రీ సైట్లు ఒకప్పుడు ఎంత ప్రబలంగా ఉండేవో ఈ రంగంలో అందరికీ తెలుసు. ఆడియో కంపెనీలే పూర్తి పాటలను యూట్యూబ్‌లో పెట్టి ప్రకటనల ఆదాయం తీసుకోవడం మొదలయ్యాక వాటి కోసం వెతికే అవసరమే చాలామందికి లేకుండాపోయింది.

ధర తగ్గిస్తే రాబడి పడిపోతుందన్నది ఇంకో భయం. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో భారత్‌లో బేసిక్ ప్లాన్‌ను 499 నుంచి 199కి, మొబైల్ ప్లాన్‌ను 199 నుంచి 149కి దించింది. మరుసటి ఏడాది ఇక్కడ రాబడి పెరుగుదల 19 శాతం నుంచి 24 శాతానికి చేరిందని ఆ సంస్థే తన వాటాదారులకు తెలిపింది. పైరసీ ఎంత తగ్గిందో ఈ అంకె చెప్పదు, కాని చౌక ధర అంటే నష్టమేనన్న మాట నిలవదని మాత్రం చెబుతుంది. అలాగని సరసమైన ధరకు కింది హద్దు లేకపోలేదు. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 35 గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాళ్ల కనిష్ఠ టికెట్టును 5 రూపాయలుగా నిర్ణయించింది. కరెంటు బిల్లు కూడా గిట్టని ధర అది. కొన్ని హాళ్లు మూతపడ్డాయి, 2022 మార్చిలో ప్రభుత్వమే ధరలను సవరించింది. సరసం అనేది ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ ఇద్దరికీ ఉండాలి.

చట్టం మాటేమిటి? 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం పైరసీకి కనీసం 3 నెలల జైలు, 3 లక్షల జరిమానా విధిస్తుంది. శిక్ష 3 ఏళ్ల వరకూ, జరిమానా నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకూ వెళ్లవచ్చు. సైట్లను అడ్డుకోవడం సంగతికొస్తే, బ్రిటన్‌లో 2012లో పైరేట్ బే అనే పైరసీ సైటు ఒక్కదాన్నే అడ్డుకున్నప్పుడు చట్టబద్ధ సేవల వాడకం పెరగలేదు, జనం వేరే సైట్లకు మళ్లారు. 2013లో 19 సైట్లను కలిపి ఆపినప్పుడు పెరిగింది. తలుపు మూస్తే ఫలితం ఉంది, పక్కన చట్టబద్ధమైన తలుపు తెరిచి ఉంటేనే. విడుదల రోజునే లీకయ్యే ప్రింటును మాత్రం ఏ చందా ధరా ఆపలేదు, గేమ్ ఛేంజర్‌కు అదే జరిగింది. అక్కడ పోలీసులు, ల్యాబుల్లోనూ హాళ్లలోనూ కాపలా తప్పవు. ధర పనిచేసేది ఆ తరవాతి నెలల్లో, హాలు వదిలేసిన సినిమా ఇంటి తెరకు చేరే కాలంలో.

ఆ కాలానికి కావలసింది షాంపూను రూపాయి ప్యాకెట్టులో అమ్మిన దేశానికి కొత్తేమీ కాదు: ఒక సినిమా, ఒక చూపు, ఒక చిన్న ధర, యూపీఐలో చెల్లింపు, అది ఏ యాప్‌లో ఉన్నా ఒకే చోట వెతుక్కునే వీలు. సాంకేతికంగా దీనికి ఏ అడ్డూ లేదు. అడ్డు హక్కుల ఒప్పందంలో ఉంది. డిజిటల్ హక్కులను ఒకే వేదికకు గంపగుత్తగా అమ్మితే నిర్మాతకు విడుదలకు ముందే పెద్ద మొత్తం చేతికొస్తుంది, ఆ డబ్బుతోనే చాలా సినిమాలు పూర్తవుతున్నాయి. వేదిక ఆ మొత్తం ఇచ్చేది కొత్త చందాదారుల కోసం కాబట్టి సినిమాను విడిగా అద్దెకివ్వడం దానికి లాభం కాదు. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపుకుని కూర్చున్నప్పుడు హాలు విడుదలకూ ఓటీటీకీ మధ్య ఉండాల్సిన గడువునూ టికెట్టు ధరలనూ చర్చించారు. గడువు ముగిశాక విడి అద్దెకు అనుమతించే షరతును హక్కుల ఒప్పందంలో చేర్పించగలిగింది ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లే.