స్ట్రైక్ అంటే ఏ స్ట్రైక్?

డ్యూటీ వల్ల ఎపిసోడ్ వినడం కుదరనోళ్ల కోసం ఇక్కడ రాసి పెడుతున్నా.

మన దగ్గర స్ట్రైక్ అంటే ఒక్కటే, సమ్మె. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. సింగరేణి బాయిలు, ఆర్టీసీ బస్సులు, బడులు ఆగినయి. సైట్‌లో మాత్రం ‘ఫార్మ్‌వర్క్ స్ట్రైకింగ్’ అంటే సెంట్రింగ్ విప్పడం. కొత్తగా వచ్చిన జగిత్యాల పిల్లగాడొకడు నోటీసు బోర్డు మీద ‘స్లాబ్ స్ట్రైకింగ్, గురువారం’ అని చదివి, "అన్నా, ఆ రోజు డ్యూటీకి పోవాల్నా, రూమ్‌లో ఉండాల్నా?" అని నన్ను పక్కకు పిలిచి అడిగిండు. పాపం, రాత్రంతా నిద్రపోలేదట.

ఈ రెండు అర్థాలకూ మూలం ఒక్కటే: దించడం. ఓడల మీద తెరచాప దించితే స్ట్రైక్ అనేవాళ్లు. 1768లో లండన్‌లో రొట్టె ధరలు పెరిగి, జీతాలు చాలక, థేమ్స్ నదిలో ఉన్న సరుకు ఓడల నావికులు తెరచాపలు దించేసి ఓడలు కదలనివ్వలేదు. పని ఆపడానికి ఆ మాట అట్ల అంటుకుంది. జెండా దించినా స్ట్రైకే, అది మాత్రం ఓటమి ఒప్పుకోవడం. ఒకే పని, ఒకచోట లొంగిపోవడం, ఇంకోచోట ఎదురు తిరగడం!

ఇంకా పాత అర్థం, రుద్దడం. గింజలు కొలిచేటప్పుడు కుంచం మీద గుట్టను కర్రతో సమంగా తోసేస్తారు కదా, ఆ కర్ర పేరు స్ట్రైక్. మనం కాంక్రీట్ మీద చెక్కతో లెవెల్ కొట్టడం కూడా అదే. తెలుగులో ‘కొట్టడం’ తక్కువదేం కాదు: టెంకాయ కొడతాం, లెవెల్ కొడతాం, లిస్టులో పేరు కొట్టేస్తారు. ఆఖరిదాన్ని ఇంగ్లీషులో ‘స్ట్రైక్ ఆఫ్’ అంటారు. మీ పేరు పక్కన అది కనిపిస్తే వెంటనే అడగండి.

సెంట్రింగ్ సంగతి నవ్వులాట కాదు. మన ఇండియా కోడ్ ఐఎస్ 456 ప్రకారం, మామూలు సిమెంటుతో 4.5 మీటర్ల లోపు స్పాన్ స్లాబ్ కింద ప్రాప్స్ 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. ఇక్కడ ఇంజనీరు రాసిచ్చిన రోజే లెక్క. నోటిమాట మీద ఒక్క ప్రాప్ కూడా తీయొద్దు.

ఇక సమ్మె. 2006 మార్చిలో, బుర్జ్ ఖలీఫా ఇంకా బుర్జ్ దుబాయ్‌గా ఉన్నప్పుడు, ఆ సైట్‌లో దాదాపు 2,500 మంది జీతాల కోసం గొడవపడి మర్నాడు పని ఆపేశారు. గల్ఫ్‌లో చాలాచోట్ల మనలాంటోళ్లకు సమ్మె హక్కు లేదు, ఇంటికి పంపించేయొచ్చు. జీతం ఆగితే కాంట్రాక్టు కాపీ, బ్యాంకు స్లిప్పులు పట్టుకొని లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టండి.