తెలుగు మాట్లాడిన తెర: కోనసీమలో పిల్లల కార్టూన్ ప్రసారాలు, భాషాహక్కుల చరిత్ర (1993–2021)

వ్యాససంగ్రహం

విదేశాలలో తయారైన కార్టూన్ చిత్రం తెలుగు పల్లెలోని పిల్లవాడికి చేరడానికి ఉపగ్రహ సంకేతం ఒక్కటే చాలదు. ప్రసారహక్కు, భాషాహక్కు, డబ్బింగ్, కేబుల్ నిర్వాహకుని నిర్ణయం అనే నాలుగు అంచెలు దాటితేనే ఆ చిత్రం తెలుగులో వినిపిస్తుంది. 1993 నుంచి 2021 వరకు ఈ అంచెలు ఎలా మారాయో కోనసీమను ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ కాలమంతటా పిల్లల టెలివిజన్‌లో తెలుగు ఎక్కువగా అదనపు శబ్దపథంగానే ఉండిపోయిందనీ, ఆ శబ్దపథాలను భద్రపరిచే ఏర్పాటు లేకపోవడం ఒక తరం బాల్యస్మృతికి నష్టమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కార్టూన్ ప్రసారం, భాషాహక్కు, డబ్బింగ్, కేబుల్ టీవీ, కోనసీమ, ఖుషి టీవీ, మోరి.

1. ప్రవేశిక

గోదావరి సముద్రంలో కలిసేచోట గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న నేల కోనసీమ. 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాగా ఏర్పడేవరకు ఇది తూర్పు గోదావరి జిల్లాలో భాగం. అమలాపురం పట్టణం, రాజోలు, కొత్తపేట వంటి పెద్ద ఊళ్లు, వాటి చుట్టూ కొబ్బరితోటల మధ్య విస్తరించిన గ్రామాలు, లంకలు ఈ ప్రాంత స్వరూపం. హిందీ వాడుక ఇక్కడి ఇళ్లలో దాదాపు లేదు. బడిలో హిందీ అక్షరాలు నేర్చే వయసుకు ముందే పిల్లలు టీవీ ముందు కూర్చుంటారు. అందువల్ల కార్టూన్ ఏ భాషలో వినిపిస్తోందన్న ప్రశ్న ఇక్కడ చాలా స్పష్టమైన రూపం తీసుకుంటుంది. బొమ్మ ఎవరికైనా అర్థమవుతుంది. కథ మాత్రం భాష తెలిసినవారికే అర్థమవుతుంది.

టెలివిజన్ చరిత్రను సాధారణంగా కార్యక్రమాల చరిత్రగా రాస్తుంటారు. పిల్లల కార్టూన్ల విషయంలో దానితోపాటు హక్కుల చరిత్రను కూడా చూడవలసి ఉంటుంది.

2. దూరదర్శన్ దశ: ఒకే దేశం, ఒకే శబ్దం

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమాలు, రంగుల ప్రసారం ఆరంభమయ్యాయి. ఆ తరువాత దేశమంతటా వెలసిన చిన్న ట్రాన్స్‌మిటర్లు ఢిల్లీ కార్యక్రమాలను జిల్లాలకు చేర్చాయి. పిల్లల విదేశీ చిత్రాలు వచ్చింది ఈ జాతీయ ప్రసారంలోనే.

వీటిలో ఎక్కువమందికి గుర్తున్నది 'జంగిల్ బుక్'. రడ్యార్డ్ కిప్లింగ్ కథల ఆధారంగా జపాన్‌లోని నిప్పాన్ యానిమేషన్ సంస్థ 1989లో నిర్మించిన 52 భాగాల ధారావాహిక ఇది. 1993లో దూరదర్శన్ దీనిని హిందీలో ప్రసారం చేసింది. శీర్షికగీతాన్ని గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ సంగీతం కూర్చారు. షేర్‌ఖాన్‌కు నానా పాటేకర్ గొంతు ఇచ్చారు. ఇంగ్లీషు రచయిత కథ, జపాన్ చిత్రకారుల బొమ్మ, హిందీ నటుల గొంతు అన్నీ కలిసి తెలుగు పిల్లవాడి ముందుకు వచ్చాయి. ఈ వరుసలో లేనిది తెలుగు ఒక్కటే. డిస్నీ వారి 'డక్ టేల్స్', 'టేల్‌స్పిన్' ధారావాహికలు కూడా ఇలాగే హిందీలో వచ్చాయి.

ఇందుకు సాంకేతిక కారణం స్పష్టమే. భూతల ప్రసారంలో ఒక చిత్రానికి ఒకే శబ్దం ఉంటుంది. జాతీయ ప్రసారానికి ఒక భాషను ఎంచుకున్నప్పుడు మిగిలిన భాషలవారు ఆ భాషలోనే వినాలి. పిల్లలు పాటను అర్థం తెలియకుండానే బట్టీపట్టి పాడుకున్నారు. ఆ కాలపు జ్ఞాపకాలలో పాటే ముందు నిలిచి కథ వెనక్కి తగ్గడానికి ఇదొక కారణం కావచ్చు.

3. ఒప్పందపత్రంలో భాష

1995 మే 1న కార్టూన్ నెట్‌వర్క్ భారతదేశంలో ప్రవేశించింది. మొదట ఇంగ్లీషు, తరువాత హిందీ, ఆ తరువాత తమిళం, తెలుగు అన్నది ఆ ఛానల్‌లో భాషలు చేరిన క్రమం. నికలోడియన్ 1999లోనూ, పోగో 2004 జనవరి 1నా, హంగామా టీవీ అదే సంవత్సరం సెప్టెంబరులోనూ, డిస్నీ ఛానల్, టూన్ డిస్నీ డిసెంబరు 17నా మొదలయ్యాయి. 2006లో హంగామా డిస్నీ చేతికి వెళ్లింది. 'డోరెమాన్', 'షిన్‌చాన్' వంటి జపాన్ ధారావాహికలు భారతదేశంలో ఇంటింటి పేర్లు అయింది హంగామా ద్వారానే.

ఒక ఛానల్ ఇలాంటి చిత్రాన్ని ప్రసారం చేయాలంటే హక్కుదారుతో ఒప్పందం చేసుకోవాలి. భారత కాపీరైటు చట్టం (1957) 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఏ కృతి, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం అన్నవి అందులో ఉండాలి. కాలం చెప్పకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం చెప్పకపోతే యావద్భారతమనీ చట్టం భావిస్తుంది. 30ఎ సెక్షను ఈ నియమాలను లైసెన్సులకూ వర్తింపజేస్తుంది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. కాలం, ప్రాంతం గురించి ప్రత్యేకంగా పేర్కొన్న ఈ సెక్షను భాషను పేర్కొనదు. చట్టం దృష్టిలో ప్రాంతమంటే దేశం. టెలివిజన్ వ్యాపారంలో మాత్రం భారతదేశం ఒకే విపణి కాదు. అందువల్ల ప్రాంతం చేయవలసిన పనిని ఒప్పందాలలో భాష చేసింది. హిందీ హక్కు ఒకరికి, తమిళ, తెలుగు హక్కులు మరొకరికి ఇవ్వడం సాధ్యమైంది. భాషలు పేర్కొనడం, డబ్బింగ్ ఖర్చు భరించడం, డబ్బింగ్ అయిన శబ్దం గడువు ముగిశాక ఎవరిదన్నది తేల్చుకోవడం పూర్తిగా ఇరుపక్షాల ఇష్టానికి మిగిలాయి.

ఛానళ్లు తెలుగు కోసం వేరే ఛానల్ పెట్టకుండా, ఒకే చిత్రానికి పలు శబ్దపథాలు జోడించే పద్ధతిని ఎంచుకున్నాయి. ఉపగ్రహంలో చిత్రానికి కావలసిన స్థలం ఎక్కువ, శబ్దానికి కావలసినది చాలా తక్కువ. ఒకే చిత్రంతో ఇంగ్లీషు, హిందీ, తమిళం, తెలుగు శబ్దాలను పంపితే అద్దె కలిసివస్తుంది. ఈ పొదుపే తెలుగును పిల్లల ఛానళ్లలోకి తెచ్చింది. ఆ పొదుపే తెలుగు హోదాను కూడా నిర్ణయించింది. తెరపై అక్షరాలు, కార్యక్రమాల వరుస, ప్రకటనల ఎంపిక దేశమంతటికీ ఒకటే; తెలుగు వాటిమీద పరచిన శబ్దం మాత్రమే.

4. కంట్రోల్ రూములో నిర్ణయం

ఉపగ్రహం నుంచి తెలుగు శబ్దం దిగినంత మాత్రాన అది ఇంటికి చేరినట్టు కాదు. అనలాగ్ కేబుల్ కాలంలో ప్రతి పట్టణంలోనూ కేబుల్ నిర్వాహకునికి కంట్రోల్ రూము ఉండేది. మేడమీద పెద్ద డిష్‌లు, లోపల ఒక్కో చెల్లింపు ఛానల్‌కు ఒక్కో రిసీవరు, దానిలో ఛానల్ సంస్థ ఇచ్చిన కార్డు ఉండేవి. రిసీవరు నుంచి వచ్చే చిత్రం, శబ్దం మాడ్యులేటరు ద్వారా తీగలోకి వెళ్లేవి. స్తంభాల మీదుగా, కొన్నిచోట్ల కొబ్బరిచెట్ల మీదుగా సాగే ఆ తీగలో ఒక ఛానల్‌కు ఒకే శబ్దానికి చోటుండేది.

కాబట్టి రిసీవరులో ఏ భాష ఎంచుకుంటే ఆ నిర్వాహకుని పరిధిలోని ఇళ్లన్నిటికీ అదే భాష. లండన్‌లోనో టోక్యోలోనో సంతకమైన ఒప్పందం తెలుగుకు అనుమతి ఇచ్చినా, చివరి నిర్ణయం కంట్రోల్ రూములోని ఒక మీట చేతిలో ఉండేది. ఇంట్లోని ప్రేక్షకునికి భాషను మార్చుకునే వీలు లేదు. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం (1995) కింది నియమావళిలో పిల్లల కార్యక్రమాలలో చెడుమాటలు, హింసాదృశ్యాలు ఉండరాదన్న షరతు ఉంది; పిల్లల భాషలో వినిపించాలన్న షరతు లేదు. 2008లో 'షిన్‌చాన్' ప్రసారం ఆగి, మార్పులతో తిరిగి వచ్చిన సందర్భంలో కూడా చర్చ నడవడిక గురించి సాగింది. భాష గురించి కాదు.

5. ఖుషి టీవీ: తెలుగుకు సొంత తెర

ఈ పరిస్థితిలో 2009లో సన్ నెట్‌వర్క్ ప్రారంభించిన ఖుషి టీవీ ఒక మలుపు. తమిళంలో 2007లో మొదలైన చుట్టి టీవీ తరహాలో వచ్చిన ఈ ఛానల్‌కు భాష తెలుగు ఒక్కటే. శబ్దపథం ఎంచుకోవలసిన అవసరం లేదు గనుక కంట్రోల్ రూములోని మీటకు ఇక్కడ పనిలేదు. ఛానల్ కనిపిస్తే తెలుగే వినిపిస్తుంది.

భాషలవారీగా హక్కుల విభజన ఎలా పనిచేస్తుందో 'డోరా ది ఎక్స్‌ప్లోరర్' చూపుతుంది. ఇది అమెరికాలో 2000లో మొదలైన నికలోడియన్ సొంత ధారావాహిక. భారతదేశంలో నికలోడియన్‌కు తన ఛానల్ ఉంది. అయినా డోరా తెలుగులో స్థిరపడింది ఖుషి టీవీలో, తమిళంలో స్థిరపడింది చుట్టి టీవీలో. హక్కుదారు తన ఇంటి సరుకునే మరో భాష కోసం పోటీ సంస్థకు ఇవ్వడం ఇది.

డోరా స్నేహితుడైన కోతి 'బూట్స్' తెలుగులో 'బుజ్జి' అయింది. ఈ చిన్న మార్పు విలువైనది. తెలుగు ఇంట చంటిపిల్లలను పిలిచే పేరు అది. ఆ పేరుతో పరాయి కోతి ఇంటి కోతి అయింది. మూలంలో డోరా ఇంగ్లీషు పిల్లలకు స్పానిష్ మాటలు నేర్పుతుంది. ఇతర భాషలలోకి వెళ్లిన చాలా రూపాలలో ఆ రెండో భాష స్థానం ఇంగ్లీషుకు దక్కింది. అనువాదమంటే మాట మార్చడం ఒక్కటే కాదనీ, ఎవరు ఎవరి భాష నేర్చుకోవాలన్న క్రమాన్ని కూడా మార్చడమనీ దీనివల్ల తెలుస్తుంది. అయితే ఈ తెలుగు స్టూడియో తెలుగు. "ఆయ్" అని బదులిచ్చే కోనసీమ పలుకుబడికి అందులో చోటు లేదు.

6. బొమ్మ హైదరాబాదుది, శబ్దం ముందు హిందీది

ఇదే కాలంలో హైదరాబాదు యానిమేషన్ నిర్మాణ కేంద్రంగా ఎదిగింది. 2001లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ నిర్మించిన 'ఛోటా భీమ్' 2008 ఏప్రిల్‌లో పోగోలో మొదలైంది. పాత్రపై హక్కును నిర్మాణసంస్థ తన దగ్గరే ఉంచుకుని, బొమ్మలు, దుస్తులు, పుస్తకాల వ్యాపారాన్ని సొంత దుకాణాలతో విస్తరించింది. 2019లో అదే పాత్ర 'మైటీ లిటిల్ భీమ్'గా నెట్‌ఫ్లిక్స్ ద్వారా ప్రపంచానికి చేరింది. హైదరాబాదుకే చెందిన డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ 2010లో విదేశీ భాగస్వాములతో కలిసి కంప్యూటర్ యానిమేషన్‌లో 'ది జంగిల్ బుక్' ధారావాహికను తెచ్చింది. 1993లో జపాన్ నుంచి వచ్చిన మోగ్లీ 17 ఏళ్ల తరువాత తెలుగు నేల నుంచి విదేశాలకు వెళ్లాడన్నమాట.

నిర్మాణంలో తెలుగు రాజధాని ఇంత ముందుకు వెళ్లినా ప్రసారంలో తెలుగు స్థానం మారలేదు. జాతీయ ఛానల్ కోసం తయారయ్యే చిత్రానికి మూలశబ్దం హిందీ లేదా ఇంగ్లీషు. హైదరాబాదులో గీసిన భీముడు కూడా కోనసీమకు తెలుగులో వచ్చేది అనువాదంగానే. హక్కు ఎక్కడుందో తెలుసుకోవడానికి బొమ్మ ఎక్కడ గీశారన్నది సరిపోదు. మొదటి శబ్దం ఎవరి భాషలో రికార్డయిందో చూడాలి.

7. మీట ఇంట్లోకి: డిజిటలీకరణ, మోరి

2011లో కేబుల్ చట్టానికి చేసిన సవరణ డిజిటల్ ప్రసారాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. మిగిలిన పట్టణాలన్నీ మూడో దశలో, గ్రామాలు నాలుగో దశలో చేరాయి. ఆ లెక్కన పురపాలక పట్టణమైన అమలాపురం మూడో దశకు, పంచాయతీలైన రాజోలు, కొత్తపేట నాలుగో దశకు చెందుతాయి. గడువులు పలుమార్లు జరిగి, నాలుగో దశ గడువు 2017 మార్చి 31 వరకు వెళ్లింది.

ఇదే సమయంలో రాజోలు ప్రాంతం రాష్ట్రం దృష్టిని ఆకర్షించింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ తొలి దశను అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు 2016 డిసెంబరు చివర సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో ప్రారంభించారు. నెలకు 149 రూపాయల ప్రాథమిక చందాకు టీవీ, ఇంటర్నెట్, టెలిఫోన్ ఒకే తీగ మీద అందించడం ఆ పథకం లక్ష్యం. పిల్లల ప్రసారాల చరిత్రలో దీని ప్రాధాన్యం వేరు. సెట్‌టాప్ బాక్స్ శబ్దపథాలన్నిటినీ ఇంటిదాకా తెస్తుంది. రిమోట్‌లో భాషను మార్చుకునే మీట ఉంటుంది. కంట్రోల్ రూములో ఉన్న నిర్ణయం ఇంటి అరుగు దాటి లోపలికి వచ్చింది.

అయితే మరో నిర్ణయం ధరల పట్టికలోకి మారింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలైన ట్రాయ్ విధానంలో ప్రతి చెల్లింపు ఛానల్‌కు విడిగా ధర ఉంటుంది. ఇంటివారు కోరుకున్నదే వస్తుంది. పిల్లల ఛానల్ తీసుకోవాలా, తీసుకుంటే తెలుగు ఛానలా, తెలుగు శబ్దపథం ఉన్న జాతీయ ఛానలా అన్నది ఇంటి ఖర్చుల లెక్కలో చేరింది. 2021 ఏప్రిల్‌లో రామోజీ గ్రూపు 11 భారతీయ భాషలలోనూ ఇంగ్లీషులోనూ ఈటీవీ బాలభారత్ ఛానళ్లను ప్రారంభించడంతో తెలుగు పిల్లలకు మరో సొంత ఛానల్ దొరికింది.

8. ముగింపు

1993లో కోనసీమ పిల్లవాడికి భాషను ఢిల్లీ నిర్ణయించింది. అనలాగ్ కేబుల్ కాలంలో ఒప్పందపత్రం, కంట్రోల్ రూము కలిసి నిర్ణయించాయి. నేడు రిమోట్, చందా నిర్ణయిస్తున్నాయి. నిర్ణయం క్రమంగా పిల్లవాడికి దగ్గరగా వచ్చిన మాట నిజం. కానీ ఎంచుకోవడానికి తెలుగు శబ్దం ఉండాలంటే ఎవరో ఒకరు ఆ హక్కు కొని, డబ్బింగ్ చేయించి ఉండాలి. ఆ మొదటి అంచె నేటికీ పిల్లవాడికి దూరంగానే ఉంది.

చివరి సమస్య భద్రతకు సంబంధించినది. లైసెన్సు గడువు ముగిస్తే చిత్రం మరో ఛానల్‌కు వెళ్లవచ్చు. అక్కడ కొత్త గొంతులతో మళ్లీ డబ్బింగ్ కావచ్చు, కాకపోవచ్చు. పాత తెలుగు శబ్దాన్ని దాచి ఉంచవలసిన చట్టబద్ధమైన బాధ్యత ఎవరికీ లేదు. 1954 నాటి పుస్తక సమర్పణ చట్టం వల్ల అచ్చయిన బాలల పుస్తకం గ్రంథాలయానికి చేరుతుంది; డబ్బింగ్ అయిన బాలల కార్టూన్‌కు అలాంటి గ్రంథాలయం లేదు. చదవడం రాకముందే ఒక తరం తెలుగులో విన్న తెర కథలు ఇవి. వాటి అనువాదకుల పేర్లు, గొంతు ఇచ్చినవారి పేర్లు, మార్చిన పేర్లు, కల్పించిన పలుకుబళ్లు తెలుగు బాలసాహిత్య చరిత్రలో భాగం. తెలుగు విశ్వవిద్యాలయాలు, ప్రసార సంస్థలు కలిసి ఈ శబ్దపథాలను సేకరించే పని చేపట్టడం అవసరం. లైసెన్సుకు గడువు ఉంటుంది. బుజ్జి పేరు విని నవ్విన పిల్లల జ్ఞాపకానికి ఆ గడువు వర్తించకూడదు.